రెండుంబావు గాజులు

మా అక్క కూతురి పెళ్లికి నా మీద పెట్టిన పని ఒక్కటే, గాజులు తేవడం. విన్నవాళ్లకు అదేం పెద్ద పని అనిపించవచ్చు. కానీ సర్దార్ల పెళ్లిళ్లలో ఆ రోజు పొద్దున మేనమామ తెచ్చిన ఎరుపు, తెలుపు గాజులు చేతినిండా తొడిగితే తప్ప పిల్ల గురుద్వారాకు కదలదు. మణికట్టు నుంచి మోచేతి దాకా వచ్చే ఆ గాజుల వరుసను చూడా అంటారు. పేరేమో చూడా, పెళ్లిపిల్లను మాత్రం చూడనివ్వరు. కళ్లు మూసి తొడుగుతారు. ఈ మాట నేను మా బావతో అంటే ఆయన నవ్వకుండా, “గురుద్వారాల గిట్ల మాట్లాడకు, నిన్ను చెప్పుల కాడ కూసోబెడ్తరు” అన్నాడు.

నాది ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా పంక్చర్ల దుకాణం. ఎనిమిదో తరగతిలో మా సారు, నువ్వు నోరు మూస్తే నేను పాఠం చెప్పుకుంటాను అన్నాడు. నోరు మూయడం నా వల్ల కాలేదు, బయటికి వచ్చేశాను. అప్పటి నుంచి టైర్లతోనూ, టైర్లు తెచ్చే మనుషులతోనూ మాట్లాడుతూ బతుకుతున్నాను. పంక్చరు వేసేంతసేపూ మనిషిని నవ్వించడం నాకు అలవాటు. ఈ పెళ్లి సంగతి మాత్రం ఎటు నుంచి మొదలుపెట్టినా నవ్వుగా రావడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా బావ సర్దార్. కామారెడ్డి హైవే పక్కన లారీలకు బాడీలు కట్టే షెడ్డు వాళ్లది. వాళ్ల తాతల నాడే నాందేడ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆయన మాట వింటే నాకంటే పక్కా కామారెడ్డి మనిషి. అక్క కుట్టుపని నేర్చుకోవడానికి ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి కామారెడ్డి పోయేది. మిషన్ల గదికి ఎదురుగా ఆ షెడ్డు. అక్క జాకెట్లు కుట్టడం ఎన్నడూ పూర్తిగా నేర్చుకోలేదని చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది. మా బాపు మొండి మనిషి. సంగతి తెలిసిన రోజు, నా బిడ్డ చచ్చిపోయింది అని వాకిట్లో నిలబడి తల మీద నీళ్లు పోసుకున్నాడు.

నాందేడ్‌లో జరిగిన ఆ పెళ్లికి మా ఇంటి నుంచి ఒక్కరం కూడా పోలేదు. అక్కకు మేనమామ ఉన్నాడు, ఆయనా పోలేదు. మామ లేకపోతే గాజులెవరు తొడగాలి? గురుద్వారాకు రోజూ వచ్చే ఒక ముసలాయనను మామగా నిలబెట్టారట. ఆయన పాపం అక్కను అంతకుముందు చూడనైనా లేదు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల చేతులను బట్టి అంచనా వేసి పెద్ద గాజులు తెచ్చాడు. అక్క చేతులు సన్నం. చేతులు దించితే గాజులు జారి కింద పడేట్టున్నాయని పెళ్లి జరిగినంతసేపూ మోచేతులు మడిచి గుండెల దగ్గర పెట్టుకునే కూర్చుందట. “అందరు నన్ను మస్తు భక్తురాలు అనుకున్నరు” అని తర్వాత నాకు చెప్పి నవ్వేది. 

పుట్టింటి గాజులు లేకుండా ఆడపిల్ల పండుగ చేసుకోకూడదని మా అవ్వ పట్టు. అమ్మను మేం అవ్వ అనే అంటాం. ఏటా దసరాకు బాపుకు తెలియకుండా పచ్చ గాజులు కొనిపించి నాతో కామారెడ్డి పంపేది. ఎల్లారెడ్డి గాజులాయన నేను మెట్టెక్కుతుండగానే, రెండుంబావేనా అని అడిగేవాడు. రెండుంబావు అక్క సైజు. నా చొక్కా సైజు నాకు ఇప్పటికీ తెలియదు గానీ, ఆ సైజు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. బాపు పోయిన తర్వాత అవ్వే స్వయంగా పోయి బిడ్డ చేతులకు తొడిగి వచ్చేది. అల్లుడితోనూ మాట్లాడడం మొదలుపెట్టింది. మొదట్లో ఆయన తల మీది పగిడీని చూస్తూ మాట్లాడేది, తర్వాత మొహం చూసి మాట్లాడింది.

అక్క కేన్సరుతో పోయింది. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో నేను పక్కన కూర్చుని డాక్టరు నడకను వెక్కిరిస్తూ ఆమెను నవ్వించాలని చూస్తున్నాను. వింటూ వింటూ నా చెయ్యి పట్టుకుంది.

“పిల్ల పెండ్లికి మామ గాజులు నువ్వే తేవాలె, తమ్మీ. ఎవల్నో నిలబెట్టనియ్యకు. సైజు సరిగ్గ చూసుకొని తే.”

రిమ్ముకు టైరు పట్టినట్టు చేతికి పట్టేవే తెస్తాను అన్నాను. అప్పుడు నవ్వింది.

తల్లి పోయాక ఇల్లంతా ఆ పిల్లే చూసుకుంది. షెడ్డులో పనిచేసేవాళ్లకు రొట్టెలు ఒత్తేది, తండ్రికి మందులిచ్చేది. తల్లి కోసం నలుగురిలో ఏడవడం నేను చూడలేదు. మూడేళ్లకు సంబంధం కుదిరింది, పిల్లవాడిది నాందేడ్. బావ వాళ్ల అక్క అక్కడే ఉంటుంది. పిల్ల ఆమెను బువా అని పిలుస్తుంది గనక మేమందరమూ బువా అనే అంటాం. పెళ్లి పనులన్నీ ఆమె చేతి మీదే జరిగాయి. ఆమె ఒక మాట అంది. తల్లి వైపు వాళ్లు తెలుగువాళ్లు, మన పద్ధతులు తెలియవు, పదిమందిలో తికమక పడతారు, ఇక్కడి వాళ్లలోనే మంచి మనిషిని ఒకరిని మామగా నిలబెడదాం అంది. తప్పుగా అనలేదు, మా మీద జాలితోనే అంది. బావ ఒప్పుకోలేదు. ఆ సంగతి నాకు ఫోనులో చెప్పి, “సొంత మామ బతికుండంగ కిరాయి మామ ఎందుకని చెప్పిన. ఇజ్జత్ నీ చేతుల ఉన్నది, బామ్మర్ది” అన్నాడు. పెళ్లిలో అక్క వైపు మనిషినంటూ నిలబడే చోటు అదొక్కటే. అది పోతే తల్లి లేని పిల్లకు తల్లి వైపూ లేనట్టే.

గాజుల కోసం నేనొక్కణ్ణే నాందేడ్ రైలెక్కాను. నా భార్యకు జ్వరం, రాలేకపోయింది. అక్కడి పెద్ద గురుద్వారా సందుల్లో చూడాలు అమ్మే దుకాణాలు వరుసగా ఉన్నాయి. దుకాణాయన పది రకాలు పరిచాడు. నేను ముత్యాల పని ఉన్నది వద్దన్నాను, చమ్కీలది వద్దన్నాను, మేనమామను కదా, నాలుగు వద్దనాలి. మేలైన ఎరుపు, చివర పాలలాంటి తెలుపు ఉన్న జత ఒకటి నచ్చింది. సైజు ఎంత అన్నాడు. రెండుంబావు అన్నాను. అనుకుని అనలేదు, నోరే అనేసింది. ఆయన ఒకసారి తల ఎత్తి, పిల్ల చాలా సన్నమా అని హిందీలో అడిగాడు. సన్నమే, తమలపాకు లాంటి చేతులు అని గొప్పగా చెప్పాను. దారి పొడవునా ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పెళ్లినాటి పొద్దున బావ ఇంటి నడిమింట్లో దుప్పటి పరిచి పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. ముందురోజు పూసిన పసుపు ఇంకా చెవుల వెనక ఉంది. అది మన నలుగు లాంటిదే, అందుకే అవ్వకు ఆ ఒక్కటీ బాగా నచ్చింది. అవ్వ మోకాళ్ల నొప్పులతో కుర్చీలో కూర్చుని ఉంది. బువా స్టీలు గిన్నెలో పాలు, నీళ్లు కలిపి గులాబీ రేకులు వేసి, గాజులన్నీ అందులో ముంచింది. నా భార్య పిల్ల వెనక కూర్చుని రెండు చేతులతో ఆమె కళ్లు మూసింది. గుమ్మం దగ్గర బావ పగిడీ కట్టుకుంటున్నాడు. పొడుగాటి గుడ్డ ఒక కొసను మా అబ్బాయి పట్టుకుని గోడ దాకా పోయి గుంజి నిలబడితే, రెండో కొస నుంచి ఆయన మడతలు వేస్తున్నాడు.

నేను పిల్ల చెయ్యి పట్టుకున్నాను. అది మా బావ చెయ్యి. వెడల్పు అరచెయ్యి, గట్టి కణుపులు. చిన్నప్పటి నుంచి నా దుకాణానికి వస్తే ఆ చేతిలోనే చాక్లెట్టు పెట్టేవాణ్ణి, నా మెడ చుట్టూ ఆ చేతులే వేసేది. అయినా గాజు అక్కడికి పోయి ఆగిందాకా నేను ఆ చేతిని చూడలేదు. కణుపుల దగ్గర ఆగిపోయింది. తిప్పాను. నెట్టాను. చెయ్యి మెత్తగా పెట్టు బిడ్డా, నా పెళ్లిలో మీ అత్త కూడా ఇంత బిగుసుకోలేదు అని ఒక జోకు వేశాను. ఒకరిద్దరు నవ్వారు. రెండో గాజు తీశాను, అదీ అక్కడే ఆగింది.

బువా వంగి చూసి, ఏ సైజు తెచ్చావు అని అడిగింది. చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు, పిల్లది రెండున్నర కదా, ఎవరు చెప్పారు నీకు ఈ సైజు అంది. నా భార్య వెనక నుంచి, అడిగి పోవద్దా అని గొణిగింది. గుమ్మం దగ్గర బావ చేతులు ఆగిపోయాయి. గుడ్డ ఇద్దరి మధ్యా అలాగే బిగుసుకుని ఉంది. మా అబ్బాయికి గుంజాలో వదలాలో తెలియడం లేదు.

“ఆమె సైజు అది” అన్నాడు బావ. బువాతో అన్నాడో, తనలో తాను అనుకున్నాడో.

పిల్ల కళ్లు మూసే ఉన్నాయి. మొహం నా వైపు తిప్పింది.

“అమ్మదా, మామా?”

అవునన్నట్టు ఆమె చెయ్యి మీద నా చెయ్యి వేశాను.

బువాయే ముందుగా తేరుకుంది. ఫరవాలేదు, మామ అందరి ముందూ గాజు చేతికి తాకించాడు, అది చాలు, ఈ జతను ఎర్ర దారంతో మణికట్టుకు కట్టేద్దాం, నాందేడ్ పోయాక పెద్ద సైజు కొనిస్తాను అంది. మంచి ఉపాయమే. బావ కూడా తల ఊపాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

“వద్దు” అంది పిల్ల. “తొడుగు మామా. సబ్బు పెట్టి ఎక్కియ్యి. రోజూ టైర్లెక్కిస్తవ్ గద.”

నిజంగానే టైరును రిమ్ముకు ఎక్కించాలంటే అంచుకు సబ్బు నురగ రాస్తాం, జారి కూర్చుంటుంది. టైరు ఏడవదు, అంతే తేడా. సబ్బు తెచ్చారు. ఆమె చేతికి నురగ పట్టించి గాజు పెట్టి నొక్కాను. కణుపుల మీద చర్మం తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. కుర్చీలో నుంచి అవ్వ అంది, “అట్ల గుంజకురా. బొటనేలు లోపలికి మడువు. అన్ని వేళ్లు కుప్ప చెయ్యి. దాని తల్లికి చిన్నప్పుడు గట్లనే తొడిగిన.” అవ్వ చెప్పినట్టు చేశాను. గాజు కణుపు దాటి మణికట్టు మీద కూర్చుంది.

ఒకటి ఎక్కితే రెండోది. ప్రతిదానికీ పిల్ల కింది పెదవి కొరుకుతోంది. ఆపుతానంటే తల అడ్డంగా ఊపుతోంది. నా భార్య ఒక్కసారిగా ముక్కు ఎగబీల్చింది. ఏమైందంటే, తన వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారుతున్నాయంది. పిల్ల భుజాలు కదలడం అప్పుడు చూశాను. గట్టిగానే ఏడ్చింది. నొప్పికి ఏడుస్తోందని పక్కింటి ఆడవాళ్లు అయ్యో అయ్యో అన్నారు, నేను కూడా అలాగే అనుకుంటున్నట్టు నటించాను. మూడేళ్లుగా వెతుక్కుంటున్న సాకు ఆమెకు నా తప్పు సైజులో దొరికినట్టుంది. ఎడమ చేతి కణుపు దగ్గర చర్మం లేచి రక్తం చెమర్చింది. అప్పుడు బావ సగం కట్టిన పగిడీతోనే వచ్చి నా భుజం పట్టుకుని చాలు అన్నాడు. రెండు చేతులకూ కలిపి సగం కూడా ఎక్కలేదు. మిగిలినవి గిన్నెలోనే ఉన్నాయి.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. గురుద్వారా వాకిట్లో రెండు వైపులవాళ్లూ ఎదురెదురుగా నిలబడ్డారు. ప్రార్థన చదివాక వరుసలు పిలుస్తారు, తండ్రికి తండ్రి, మామకు మామ ముందుకొచ్చి దండలు వేసుకుని కౌగిలించుకోవాలి. దీన్ని మిల్నీ అంటారు. కౌగిలించుకున్నాక ఒకరినొకరు పైకెత్తడం వాళ్లకు సరదా. పెళ్లిపిల్ల మేనమామ రావాలి అని పిలవగానే తలకు కాషాయ రుమాలు కట్టుకుని నేను పోయాను. అవతలి మామ లారీ ముందుభాగమంత మనిషి. స్టెప్నీ లేపినట్టు నన్ను లేపాడు. గాలిలో ఉండి, కాస్త దింపవయ్యా, ఎల్లారెడ్డి కనబడుతోంది అన్నాను. తెలుగు తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పారు, అందరూ నవ్వారు. కిందికి దిగాక నా చేతులకు సబ్బు వాసన, పాల వాసన వచ్చింది.

లోపల అందరం నేల మీద కూర్చున్నాం, వాళ్ల పవిత్ర గ్రంథం ఒక్కటే ఎత్తు మీద ఉంటుంది. బావ లేచి, పెళ్లికొడుకు భుజం మీది గుడ్డ కొసను కూతురి చేతిలో పెట్టాడు. ఇక నుంచి ఇతని వెంట నడువు అని అర్థం. మాటలేమీ ఉండవు, గుడ్డ ఒక్కటే. పిల్ల వేళ్లు వాచి ఉన్నాయి, సరిగ్గా మూసుకోలేదు. బావే ఒక్కొక్క వేలూ మడిచి పట్టించాడు. తర్వాత పాట మొదలైంది, ఇద్దరూ గ్రంథం చుట్టూ నాలుగు చుట్లు తిరిగారు. తిరిగేటప్పుడు అన్నదమ్ములు చుట్టూ నిలబడి, పిల్లను ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందిస్తున్నట్టు నడిపిస్తారు. పిల్లకు అన్నదమ్ములు లేరు. బువా కొడుకులతో పాటు మా అబ్బాయినీ నిలబెట్టారు. మా లెక్క ప్రకారం వాడు ఆమెకు వరసైన బావ. ఒకప్పుడు అవ్వ, మనవరాలిని మనవడికి చేసుకుందామని నోరు జారితే, బావ చెవులు మూసుకున్నంత పని చేశాడు. వాళ్లలో అది అన్నాచెల్లెళ్ల వరస. వాడు ఇప్పుడు అన్నలాగే ఆమె మోచెయ్యి పట్టుకుని మూల తిప్పాడు, గాజుల దగ్గర మాత్రం చెయ్యి తగలకుండా జాగ్రత్త పడ్డాడు.

నా వెనక పెళ్లికొడుకు వైపు ఆడవాళ్లు గుసగుసలాడడం వినబడింది. చేతికి ఇన్నే గాజులేమిటి, మామ పిసినారా అని ఒకామె అడిగింది. బువా వెంటనే, వీళ్ల తల్లి వైపు పద్ధతి అంతే, లెక్కగా ఇన్నే తొడుగుతారు అని చెప్పింది. అంత ధీమాగా చెప్పేసరికి ఒక క్షణం నేనూ నమ్మాను.

గురుద్వారాలోనే వరుసగా కూర్చుని రొట్టె, పప్పు తిన్నాం. తినడం అయ్యాక పిల్లను సాగనంపడం. మన దగ్గర ఆడపిల్లను పంపేటప్పుడు ఒడిబియ్యం పోస్తాం, పుట్టింటి బియ్యం ఆమె ఒడిలో వెంట పోతాయి. వాళ్ల దగ్గర ఇది తిరగేసి ఉంటుంది. పిల్లే గుప్పెడు బియ్యం తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా తల మీదుగా పుట్టింటివాళ్ల వైపు చల్లుకుంటూ పోతుంది. ఇన్నాళ్లు తిన్నది మీకే ఉండనీ అన్నట్టు. వెనక తల్లి నిలబడి కొంగు పట్టాలి. బువా మా అవ్వను నడిపించుకొచ్చి ఆ చోట నిలబెట్టి, కొంగు ఎలా పట్టాలో చూపించింది. అక్కకు మా ఇంట్లో ఒడిబియ్యం పోయనే లేదు. అవ్వ కొంగు పట్టుకుని నిలబడింది, మోకాళ్ల నొప్పులు గుర్తులేనట్టు.

పిల్ల చెయ్యి ఎత్తి బియ్యం విసిరింది. నిండా గాజులున్న చెయ్యి అలా లేస్తే గలగలమనాలి. బిగుసుకున్న గాజులు కదలలేదు, చప్పుడు లేదు. బియ్యం మాత్రం అవ్వ కొంగులో పడ్డాయి, కొన్ని నా రుమాలు మీద పడ్డాయి. కారును బావ, పిల్లలు కొంతదూరం చేతులతో నెట్టి వదిలారు, అదీ ఒక పద్ధతే. కారు హైవే ఎక్కింది.

ఇంటికి వచ్చేసరికి టెంటు విప్పుతున్నారు. నడిమింట్లో గిన్నె అలాగే ఉంది, పాలు విరిగి గులాబీ రేకులు నల్లబడ్డాయి. అవ్వ దాన్ని బయట నల్లా దగ్గరికి తెప్పించుకుని, మెట్టు మీద కూర్చుని మిగిలిన గాజులు ఒక్కొక్కటే కడిగి కొంగుతో తుడిచింది. బావ వచ్చి ఆమె పక్కన మెట్టు మీదే కూర్చున్నాడు. నేను నల్లా కట్టేశాను.

“అల్లుడా, మిగిలినయి ఏం జేస్తరు మీ దిక్కు?” అని అడిగింది అవ్వ.

ఆయన వాటి వైపు వంగి చూశాడు.

“తెల్వదు అత్తమ్మా. గిట్ల మిగిలింది నేనెన్నడు చూడలే.”

అవ్వ గాజులను కొంగులో మూటకట్టింది. కట్టి, మళ్లీ విప్పింది. విప్పి ఆయన చేతుల్లో పోసింది. ఆయన రెండు అరచేతులూ కలిపి పట్టుకున్నాడు, ఒక్కటీ కింద పడకుండా.